పిడికెడు బియ్యం మళ్ళీ మొదలుపెట్టాం, మూడు నెలలకే చల్లబడుతోంది. సలహా చెప్పండి

మట్టికుండ

అందరికీ వందనాలు. మాది తెనాలి, రేపల్లె మధ్య ఒక పల్లె. 34 ఇళ్ళ క్రైస్తవ సంఘం. నా చిన్నప్పుడు మా అమ్మ బియ్యం కడిగే ముందు చేటలోంచి ఒక గుప్పెడు తీసి పొయ్యి పక్కనున్న ముంతలో వేసేది. పూట పూటకీ అంతే. ఇంట్లో మూడు సోలలే ఉన్నా ఆ గుప్పెడు ముందు తీయాల్సిందే. ఆదివారం ఆ ముంత గుడ్డసంచిలోకి, సంచి గుడికి. తర్వాత్తర్వాత కవర్లో డబ్బులొచ్చాయి, ఇప్పుడు కానుక పెట్టె మీద క్యూఆర్ కోడ్ అంటించారు. ముంతలు పోయాయి.

మొన్న క్రిస్మస్ అయ్యాక లెక్కలు చూస్తూ కూర్చున్నాం. స్టేజీకి, సౌండు సిస్టమ్‌కి, సీరియల్ లైట్లకి ఎంతయిందో ఇక్కడ రాయను, సిగ్గుగా ఉంది. అదే వారంలో మా వీధిలో ఒక ముసలాయన రెండు రోజులు టీ బన్నుతో గడిపాడని ఎవరో చెబితే తెలిసింది. ఆయన ఇల్లు గుడి గోడ పక్కనే.

జనవరిలో స్త్రీల సమాజం వాళ్ళు పిడికెడు బియ్యం మళ్ళీ తీద్దామన్నారు. మొదటి నెల 61 కిలోలు వచ్చాయి, రెండో నెల 48, మూడో నెల 29. ఐదు ఇళ్ళకు ఇస్తున్నాం. వాటిలో రెండు మన సంఘం కాదు, ఒకటి అసలు క్రైస్తవుల ఇల్లే కాదు. దాని మీద ఒక పెద్దాయన అలిగారు. అది అలా ఉంచితే, వచ్చిన బియ్యం అన్నీ కలిసిపోయి అన్నం సరిగా ఉడకడం లేదని తీసుకున్నవాళ్ళే మొహమాటంగా చెప్పారు. ఏం చేయాలి?

వంటమాస్టారు

ముందు తేలిగ్గా తేలేది చెప్తా. పాత బియ్యం నీళ్ళు ఎక్కువ తాగుతాయి, కొత్తవి ముద్దయిపోతాయి. ఒకే గిన్నెలో వేస్తే సగం పలుకు, సగం సంకటి. దానికి మందు లేదు. గుడి దగ్గర మూడు డబ్బాలు పెట్టండి: సన్నాలు, దొడ్డువి, రేషన్‌వి. ఇప్పటికే కలిసిపోయినవి మరలో రవ్వ పట్టించండి, ఉప్మాకో జావకో పనికొస్తాయి. ముసలివాళ్ళకి పళ్ళుండవు కాబట్టి రవ్వే నయం.

రేషన్ బియ్యంలో తేలే తెల్ల గింజలు చూసి ప్లాస్టిక్ అని పారేస్తుంటారు. అవి పోషకాలు కలిపి తయారుచేసిన గింజలు, పారేయొద్దని చెప్పండి. ఇంకోటి, కోతకాల పండుగలో పాడినట్టు ఈ బియ్యాన్ని గుడిలో వేలం పాడకండి. రేషన్ బియ్యం అమ్మినా కొన్నా కేసవుతుంది.

లూథరన్ తాత

బాబూ, ఒక మాట సరిచేయాలి. మీరు పిడికెడు బియ్యాన్ని బీదలకు పెట్టే దానంలా రాస్తున్నారు. మా రోజుల్లో అది బీదవాళ్ళు పెట్టిన కానుక. చేతిలో కాణీ లేని కూలి ఆడది దేవుడికి ఏమివ్వగలదు? వండే బియ్యంలో గుప్పెడు. దాంతోనే పల్లెలో వాక్యం చెప్పే ఉపదేశికి తిండి గడిచింది, ఇంటింటికీ వెళ్ళి బైబిలు చెప్పే బైబిలు స్త్రీలకు గడిచింది. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్యగారు, మన దేశస్థుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ ఆయనే, సంఘం విదేశీ డబ్బు మీద కాకుండా తన కాళ్ళ మీద నిలబడాలని ఊరూరా చెప్పింది ఇలాంటి జనానికే. మిజోరంలో ఇదే పద్ధతి 1910 నుంచి ఇవాళ్టి దాకా నడుస్తోంది, దాన్ని వాళ్ళు బుహ్‌ఫై థామ్ అంటారు. అక్కడ ఆగలేదు, ఇక్కడ ఆగింది.

అందుకని అడుగుతున్నా. మీ ఐదు ఇళ్ళవాళ్ళు తీసుకుంటున్నారు సరే, వాళ్ళు గుప్పెడు తీస్తున్నారా? తీయనిస్తున్నారా?

మట్టికుండ

తాతగారూ, సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. ఒక పెద్దమ్మ, పింఛను మీద బతికేది, మేమిచ్చిన ఐదు కిలోల్లోంచే గుప్పెడు గుప్పెడు తీసి మూడో వారం డబ్బాలో పోసింది. మా కుర్రాళ్ళు "నీకెందుకు పెద్దమ్మా" అని వెనక్కిచ్చారు. ఆ ఆదివారం ఆమె గుడికి రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు.

లూథరన్ తాత

వెళ్ళి ఆ గుప్పెడు అడిగి తెచ్చుకోండి. ఇవాళే.

సందేహి

నేను క్రైస్తవుణ్ణి కాదు, ఈ వేదికలో చదవడానికే వస్తుంటాను. కోపం తెచ్చుకోకండి. బయట మిమ్మల్ని బియ్యం మూటలకు మతం మారినవాళ్ళని అంటారు, మీకూ తెలుసు. ఇప్పుడు మీరే బియ్యం మూటలు పట్టుకుని వేరే మతం వాళ్ళ ఇంటికి వెళ్తున్నారు. రేపు ఎవరైనా వీడియో తీస్తే ఏం చెప్తారు? నిజంగా ఏమీ ఆశించకుండానే ఇస్తున్నారా?

గుండ్లకమ్మ

సందేహిగారూ, సూటిగా అడిగారు, మంచిదే. నేను ఒంగోలు మనిషిని, ఆ మాట చిన్నప్పట్నుంచీ వింటున్నా. మా దగ్గర జరిగింది చెప్తా, మీరే తూకం వేసుకోండి.

1876–78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లవు దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు పని కాంట్రాక్టుకి తీసుకున్నారు. ఊరికే పంచలేదు. తవ్వినవాళ్ళకి కూలి ఇచ్చారు. ఆ రోజుల్లో జనం బాప్తిస్మం అడిగితే ఇవ్వనన్నారు. కూటికోసం వచ్చారో దేవుడికోసం వచ్చారో తేలదు కాబట్టి, కరువు సాయం నడిచినంతకాలం ఆపేశారు. సాయం అయిపోయాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేదు అని తేల్చి చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది. అంటే మీరన్న అనుమానం ఆయనకే ముందు వచ్చింది.

ఇంకో సంగతి, మా వాళ్ళే మర్చిపోతుంటారు. ఇదంతా దొరతో మొదలవలేదు. తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగాయన, కరువుకు పదేళ్ళ ముందే 1866లో బాప్తిస్మం తీసుకుని తన వాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. ఆయనకు ఎవరూ మూట ఇవ్వలేదు.

సందేహి

ఆ 2,222 నాకు తెలియదు. సరే. కానీ కరువులో అన్నం పెట్టిన చేతిని జనం మర్చిపోరు కదా. సాయం ఆగాక వచ్చినా, ఆ జ్ఞాపకంతోనే వచ్చి ఉంటారు.

గుండ్లకమ్మ

వచ్చి ఉంటారు. చావబోయే రోజున ఎవరు మనిషిగా చూశారో గుర్తుపెట్టుకోవడం తప్పంటారా? అంతకుముందు బావి దగ్గరికి రానివ్వని ఊరు కూడా వాళ్ళకు గుర్తుంది.

మెదకోళ్ళ పిల్లగాడు

మా మెదక్ చర్చి గూడ అట్లనే గదా. కరువుల జనానికి పని, తిండి దొరకాలనే మిషనరీ పోస్నెట్ దొర ఆ గుడి కట్టుడు పెట్టిండని మా తాతలు చెప్తుండె. 1924 క్రిస్మస్ నాడు తెరిచిండ్రు. ఇప్పుడు సెల్ఫీలు దిగుతానికి వస్తరు, రాళ్ళు మోసినోళ్ళ ముచ్చట ఎవ్వలు అడగరు. సరే, దారం తప్పుతున్న, ఆపుతున్న.

వాక్యమే ఆధారం

బ్రదర్స్, అందరూ క్రియల గురించే మాట్లాడుతున్నారు. రక్షణ విశ్వాసం వల్లే, క్రియల వల్ల కాదు, ఎఫెసీ 2:8, 9 చూడండి. బియ్యం పంచేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు, లయన్స్ క్లబ్బు వాళ్ళూ పంచుతారు. సంఘం పని సువార్త. అన్నం పెట్టి సువార్త చెప్పకపోతే అది సగం పనే.

రిటైర్డ్ నర్సమ్మ

తమ్ముడూ, 10వ వచనం కూడా చదువు, సత్‌క్రియలు అక్కడే ఉన్నాయి. నేను వాక్యంలో నీతో వాదించలేను. ముప్పై ఏళ్ళు సర్కారు ఆసుపత్రిలో చేశాను, నాకు తెలిసింది చెప్తాను.

ఆదివారం మధ్యాహ్నం వార్డుకి ఒక గుంపు వచ్చేది. ప్రతి మంచం దగ్గరా తలమీద చెయ్యిపెట్టి గట్టిగా ప్రార్థన, చేతిలో కరపత్రం, బన్ను, ఒక ఫోటో, ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ భక్తిని నేను శంకించను. కానీ ఆ వార్డులో చివరి మంచం మీద పక్షవాతం వచ్చి, మనిషి తోడులేని రోగి ఒకాయన ఉండేవాడు. ఆయన బన్ను నమలలేడు. ఎడం చెయ్యి రాదు. ఆయనకు కావలసింది జావ చెంచాతో పట్టే మనిషి, రెండు గంటలకోసారి పక్క మీదికి తిప్పే మనిషి. తిప్పకపోతే నడుం దగ్గర పుండు పడుతుంది, పడితే నెలలైనా మానదు. మూడువందల మంది రోగులకు మేం ఎంతమంది నర్సులమో మీరే ఊహించుకోండి.

ఆ గుంపులో ఒకమ్మాయి మాత్రం మళ్ళీ సోమవారం ఒక్కతే వచ్చింది. పాత లుంగీలు నాలుగు ఉతికి తెచ్చింది. నేను తిప్పడం నేర్పించాను. ఆమె ప్రార్థన చేసిందో లేదో నాకు తెలీదు, చేస్తే మనసులో చేసుకుని ఉంటుంది. మత్తయి 25లో "రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి" అని ఉంది. చూడటం అంటే ఇదని నేను అనుకుంటాను.

ఇక బియ్యం సంగతి. మట్టికుండ బాబూ, ఆ ఐదు ఇళ్ళల్లో టీబీ రోగి ఎవరైనా ఉన్నారా?

మట్టికుండ

ఉన్నాడమ్మా. ఆ క్రైస్తవులు కాని ఇల్లే. ఇంటాయన తాపీమేస్త్రి, రెండు నెలల నుంచి పనికి పోవడం లేదు. భార్య, ఇద్దరు పిల్లలు.

రిటైర్డ్ నర్సమ్మ

అయితే ఆ ఇంటికి ఆపొద్దు, ఎవరు అలిగినా సరే. టీబీ మందు మామూలుగా ఆరు నెలలు. రెండో నెలకి దగ్గు తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, మనిషి పనిలోకి వెళ్ళిపోయి మాత్రలు మానేస్తాడు. అక్కడే మందులకు లొంగని మొండి టీబీ మొదలవుతుంది. ఇంట్లో గింజలుంటే అతను ఇంకో నెల ఆగగలడు.

ఆయనొక్కడికే కాదు, ఇంటిల్లిపాదికీ తిండి కావాలి. జార్ఖండ్‌లో పెద్ద అధ్యయనం ఒకటి చేశారు, 2023లో ఫలితాలు వచ్చాయి. రోగి ఇంట్లోవాళ్ళకు అదనంగా ఆహారం ఇస్తే వాళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం దాకా తగ్గింది, ఊపిరితిత్తుల టీబీ అయితే దాదాపు సగానికి. మందు కాదు, తిండి.

కానీ ఉత్త బియ్యంతో లాభం లేదు. పప్పు, గుడ్లు, వేరుశనగ గుళ్ళు ఉండాలి. రోగికి ప్రభుత్వం బ్యాంకు ఖాతాలో వేసే నెల సొమ్ము 2024 నవంబరు నుంచి 500 నుంచి 1,000 అయింది. పడుతోందో లేదో పాస్‌బుక్ చూడమనండి. పడకపోతే ఆశా వర్కరుని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి. టీబీ రోగికి తోడుండేవాళ్ళని ప్రభుత్వం నిక్షయ్ మిత్ర అంటుంది, మీ సంఘం అలా పేరు నమోదు చేసుకోవచ్చు, రోగి ఒప్పుకుంటేనే. అప్పుడు ఆరు నెలల పోషకాహారం మీరు చూసుకుంటామని లెక్కలోకి వస్తుంది. అందులో మతం కాలమ్ అక్కర్లేదు, సందేహిగారికి కూడా ఇది జవాబు అనుకుంటాను.

ఒకటే గట్టిగా చెప్తున్నా. స్వస్థత కూటంలో చేతులుంచారు కదా, ఇక మాత్రలెందుకు అని ఎవరైనా అంటే వాళ్ళని ఆ ఇంటి గడప తొక్కనివ్వకండి.

వాక్యమే ఆధారం

మందులు మానమని నేను అనలేదు అక్కా. నాకు వేరే భయం. మంచిపనుల్లో పడి వాక్యం మరిచిపోతామేమోనని.

రిటైర్డ్ నర్సమ్మ

ఆ భయం ఉండాల్సిందేలే. ఒక పని చెయ్యి, నువ్వు ఏ ఊరు? దగ్గర్లో సర్కారు ఆసుపత్రి ఉంటే తోడులేని మంచం ఏదో సిస్టర్‌ని అడుగు. వారం రోజులు వెళ్ళు. తర్వాత ఇక్కడికొచ్చి తిట్టు, పడతాను.

డల్లాస్ బావ

సూపర్ థ్రెడ్ బ్రదర్. కళ్ళు చెమ్మగిల్లాయి. మా చర్చి తెలుగు ఫెలోషిప్ నుంచి నెలకి 500 డాలర్లు పంపిస్తాం. 29 కిలోల కోసం ఇంత కష్టం ఎందుకు, క్వింటాళ్ళ లెక్కన కొనేయండి. నెల నెలా ఫోటోలు, చిన్న వీడియో, లబ్ధిదారుల పేర్లు పెడితే చాలు.

మట్టికుండ

బావగారూ, మీ మనసు పెద్దది. రెండు మూడు రోజులు ఆలోచించి రాస్తున్నా, తప్పుగా అనుకోవద్దు.

ఫోటోలు కుదరవు. మా ఇళ్ళల్లో చాలామంది కాగితాల మీద ఒకటి, ఆదివారం ఒకటి. ఎస్సీ కులాల మీద రాష్ట్రపతి ఇచ్చిన 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. చర్చి బ్యానరు ముందు బియ్యం సంచితో నిలబడ్డ ఫోటో రేపు మనవడి సర్టిఫికెట్ దగ్గర ఎవడో తీసి చూపిస్తాడని ఒకావిడ భయం. ఆ భయం సరైనదా కాదా అని మనం తేల్చేలోగా ఆమె బియ్యం తీసుకోవడం మానేస్తుంది. ఇక తాపీమేస్త్రి ఇంట్లో అయితే, టీబీ అని వీధికి తెలిస్తే కూతురి పెళ్ళి సంబంధం పోతుందని వాళ్ళ గోల.

ఆడిటర్ అన్న

డబ్బు సంగతి కూడా జాగ్రత్త. విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్ళు గానీ, విదేశీ చర్చి గానీ ఇచ్చేది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా మీ సంఘం తీసుకోకూడదు. భారత పౌరుడిగానే ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది వేరే లెక్క. డల్లాస్ బావ ఏ పాస్‌పోర్టో నాకు తెలీదు. ఎవరో మేనల్లుడి ఖాతాలో వేయించుకుందాం లాంటి తెలివి మాత్రం వద్దు.

డల్లాస్ బావ

నీలం పాస్‌పోర్టే, కానీ అమెరికాది. సరే, అర్థమైంది. ఫోటోలు అడగడం అలవాటైపోయింది, ఇక్కడ కమిటీకి చూపించాలి కదా. ఊళ్ళో మా అమ్మ ఉంది. ఆమెని ముంత పెట్టమంటాను.

పాస్టరమ్మ

ఎప్పుడూ రాయను, ఇవాళ రాయాలనిపించింది. మా ఆయన చిన్న స్వతంత్ర సంఘం కాపరి. జీతం లేదు. తాతగారు చెప్పినట్టు పిడికెడు బియ్యం మా ఇంటి అన్నం. పదేళ్ళ క్రితం సంఘం వాళ్ళు అది మానేసి నెలకింత అని కవరిచ్చారు. కవరు కొన్ని నెలలు వస్తుంది, కొన్ని నెలలు రాదు. బియ్యం అలా ఎప్పుడూ ఆగలేదు, ఎందుకంటే ప్రతి ఇంట్లో రోజూ వండుతారు.

ఒకసారి వానాకాలంలో డబ్బా అడుగు తుడిచి వండాను. సరిగ్గా ఆ పూట ఒకాయన, కొడుకులు వెళ్ళగొడితే, సంచి పట్టుకుని మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. అయ్యగారు లోపలికి రమ్మన్నారు. నేను వంటింట్లోకి పిలిచి మెల్లగా కోప్పడ్డాను. ఇది ఒప్పుకోవడానికి సిగ్గు లేదు, ఆకలి అలాంటిది. ఆయన తిన్నాడు, పిల్లలు తిన్నారు, మేం గంజి తాగాం. మర్నాడు అద్భుతమేమీ జరగలేదు. పక్కింటి వాళ్ళ దగ్గర రెండు కిలోలు అప్పు తెచ్చాను, తర్వాత తీర్చాను.

మట్టికుండ తమ్ముడూ, నేనడిగేది ఒకటే. మీ అయ్యగారికి ఇంతకుముందు పిడికెడు బియ్యం వచ్చేదా? ఇప్పుడు అది ఐదు ఇళ్ళకు వెళ్తుంటే ఆయన ఇంట్లో పరిస్థితి ఎవరైనా అడిగారా? మా వాళ్ళు నోరు తెరిచి అడగరు.

మట్టికుండ

అమ్మగారూ, ఎవరూ అడగలేదు. అలిగిన పెద్దాయన ఈ మాటే అంటున్నారేమో, మేం సరిగా వినలేదేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. ఆయనకు కోపం ఎక్కువ, మాట సగమే బయటికొస్తుంది.

మట్టికుండ

నెల తర్వాత మళ్ళీ వచ్చాను.

పెద్దమ్మ దగ్గరికి నేనూ మా ఆవిడా వెళ్ళాం. అడిగాం. "మీ పిలకాయలు నా బియ్యం చేదన్నారుగా" అంది. అరగంట తిట్టింది. తర్వాత ముంత తెచ్చి డబ్బా ఎక్కడ అని అడిగింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ముందు పోసేది ఆమే, వెనక నిలబడ్డవాళ్ళని కూడా వాయిస్తోంది. అయ్యగారి ఇంటిని ఆరో ఇల్లుగా కలిపాం. ఆయన ఒప్పుకోలేదు, అమ్మగారు ఒప్పుకున్నారు. పెద్దాయన దాంతో మెత్తబడ్డారు గానీ, తాపీమేస్త్రి ఇంటి విషయంలో ఇంకా మొహం ముడుచుకునే ఉన్నారు.

ఈ నెల 44 కిలోలు. మా ఆవిడ గుప్పెడు తూచి చూసింది, 45 గ్రాములు. రెండు పూటలా తీస్తే ఇంటికి నెలకి 2 కిలోల 700. 34 ఇళ్ళూ తీస్తే 90 దాటాలి. అంటే అందరం కలిపి సగానికి పైగా పూటలు మర్చిపోతున్నాం. మా ఇంట్లో కూడా కుక్కర్ పెట్టే హడావుడిలో పోతోంది. ముంత మిక్సీ పక్కకి మార్చాం.

మేస్త్రికి నాలుగో నెల నడుస్తోంది. 1,000 రూపాయలు రెండు నెలలవి పడలేదు, ఖాతా నంబరులో ఒక అంకె తప్పట. ఆశా అక్క సరిచేయించింది. గుడ్లకి కుర్రాళ్ళు క్రికెట్ ఫండ్ లోంచి ఇస్తున్నారు.

సందేహి

మేస్త్రికి ఆరు నెలలు అయ్యే దాకా పప్పు నేను చూసుకుంటాను. మీకు ఫోన్‌పే చేయవచ్చా, లేక నేనూ సంచిలోనే పంపాలా?

మట్టికుండ

మీ ఊరు మా ఊరికి దగ్గరైతే సంచే పంపండి. కందిపప్పు వద్దు, అరగడం లేదంటున్నాడు, పెసరపప్పు అయితే మేలు.

వంటమాస్టారు

పెసరపప్పు ఎండలో ఒక పూట ఆరబెట్టి డబ్బాకెత్తమనండి, వానలు మొదలయ్యాయి, పురుగు పడుతుంది. బియ్యం డబ్బాల్లో నాలుగు ఎండుమిరపకాయలు వేశారా లేదా?

మట్టికుండ

వేపాకు వేశాం. మిరపకాయలు రేపు వేయిస్తా.